పంపు ఆఖర్న కొనండి

ప్రశ్న: నమస్కారమండీ. మాది కాకినాడ, అపార్ట్‌మెంట్లో మూడో అంతస్తు. హాల్లో గోడ వారగా ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తున్న అక్వేరియం కట్టిస్తున్నాం. స్టాండు రెండున్నర అడుగులు. దాని లోపల నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న సంపు పెడతామన్నారు. ఆస్కార్లు, సిల్వర్ డాలర్లు అనే మంచినీటి చేపలు పెంచాలని మా అబ్బాయి కోరిక. రెండేళ్లయ్యాక సముద్రపు చేపలకు మారదామని మావారి ఆలోచన. తొట్టె కట్టే ఆయన గంటకు 10,000 లీటర్ల పంపు తీసుకోండి, ముప్పావు అంగుళం పైపు చాలు అంటున్నారు. మా మరిది డాలస్‌లో ఉంటాడు, సంక్రాంతికి వస్తూ అక్కణ్ణుంచి మంచి పంపు తెస్తానంటున్నాడు. మాకు రోజూ ఏదో ఒక వేళ కరెంటు పోతుంది, ఇన్వర్టరు ఉంది. కింద ఇంటివాళ్ల సీలింగులోంచి నీళ్లు కారాయంటే మాట పడాలి, నా భయమంతా అదే. హాలుకు ఆనుకునే మా పడకగది. ఏ పంపు కొనమంటారు? పైపులు ఎలా వేయించాలి? గాజుకు రంధ్రాలు ఇంకా పెట్టలేదు.
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ ఉత్తరంలో చివరి వాక్యం చదివాక మనసు కుదుటపడింది. రంధ్రాలు ఇంకా పెట్టలేదంటే అంతా మన చేతుల్లోనే ఉందన్నమాట. పంపు నచ్చకపోతే మార్చుకోవచ్చు, పైపు కోసి మళ్లీ అతికించుకోవచ్చు. గాజుకు తప్పు చోట పడిన చిల్లును మాత్రం ఏమీ చేయలేం. అందుకే మీరు అడిగిన వరసను తిరగేస్తున్నాను. నీళ్లు కిందికి ఎలా దిగాలన్నది ముందు, పైకి ఏ పైపులో వెళ్లాలన్నది తర్వాత, ఆ రెండూ తేలాక పంపు. పంపు ముందే కొనేసినవాళ్లు తక్కినవన్నీ దానికి సర్దుతూ కూర్చుంటారు.

మన ఇళ్లల్లో సంపు, డాబా మీద ట్యాంకు ఎలా పనిచేస్తాయో మీకు తెలుసు. మోటారు వేస్తే నీళ్లు పైకెక్కుతాయి, ట్యాంకు నిండిపోతే పక్క పైపులోంచి పొర్లుతాయి. అక్వేరియంలోనూ అంతే, ఒక్క తేడాతో. ఇక్కడ మోటారు ఇరవై నాలుగు గంటలూ తిరుగుతుంది, నీళ్లు ఇరవై నాలుగు గంటలూ పొర్లుతూనే ఉంటాయి. పొర్లిన నీళ్లు సంపులో వడపోతకు వెళ్లి మళ్లీ పైకొస్తాయి. డాబా మీద ట్యాంకు పొర్లే పైపు ఎప్పుడో ఒకసారి పనిచేస్తే చాలు. ఇక్కడ ఆ పైపు ఒక్క నిమిషం మొరాయించినా నీళ్లు హాల్లోకొస్తాయి. కాబట్టి పంపు శక్తి మీద కన్నా కిందికి దిగే పైపు మీద ఎక్కువ ఆలోచన పెట్టాలి.

ముందు ఎన్ని నీళ్లు తిరగాలో చూద్దాం. మీ తొట్టె కొలతల ప్రకారం లోపల 680 లీటర్లు. ఇసుక, రాళ్లు, పైన వదిలే ఖాళీ తీసేస్తే 600 అనుకోండి. సంపు గుండా గంటకు నాలుగైదు సార్లు తిరిగితే చాలు, అంటే 2400 నుంచి 3000 లీటర్లు. 10,000 లీటర్లంటే గంటకు పదహారు సార్లకు పైనే. అంత నీరు దిగుతుంటే సంపులో బుడగలు నిండిపోతాయి, హోరు పడకగదిలోకి వినిపిస్తుంది, వడపోత బట్ట త్వరగా మూసుకుపోతుంది. మీ తొట్టె కట్టే ఆయన చెడ్డ ఉద్దేశంతో అన్నారని నేననను. ఆస్కార్లు బాగా తిని బాగా మురికి చేసే చేపలు, అడుగు పొడవు పెరుగుతాయి, తొట్టెలో నీళ్లు గట్టిగా కదలాలన్న మాట నిజమే. కానీ ఆ కదలిక కోసం నీళ్లను మీటరు పైకి ఎత్తి పడెయ్యక్కర్లేదు. తొట్టె లోపలి గాజుకు అయస్కాంతంతో అంటుకునే చిన్న వేవ్‌మేకర్ పది, పదిహేను వాట్లతో వేల లీటర్లను అటూ ఇటూ కదుపుతుంది, ఎందుకంటే అది నీళ్లను ఎత్తదు, నెడుతుందంతే. రేపు సముద్రపు చేపలకు, పగడాలకు మారినా ఇదే లెక్క. పగడాలకు ఇంకా ఎక్కువ కదలిక కావాలి, అది వేవ్‌మేకర్లే ఇవ్వాలి. సంపు పంపుకు అప్పుడూ ఇదే 3000 లీటర్ల పని.

ఇక రంధ్రాల సంగతి. కింది గాజుకు వద్దండి. మూడో అంతస్తులో ఉండి, కింది ఇంటి గురించి భయపడుతున్న మీకు నేను గట్టిగా చెప్పేది ఇదే. అడుగు గాజుకు రంధ్రం పెట్టి ట్యాంక్ నిపుల్, అంటే గాజుకు పైపును కలిపే మరల ముక్క, బిగిస్తే, పదేళ్ల తర్వాత ఆ రబ్బరు వాషరు గట్టిపడి చెమర్చిన రోజున దాని పైనున్న నీళ్లన్నీ నేల మీదికొచ్చే వీలుంది. వెనక గాజుకు పైభాగాన, అంచు నుంచి నాలుగైదు అంగుళాల కిందుగా పెట్టించండి. లోపలివైపు ఆ రంధ్రాలకు అడ్డంగా 40 సెంటీమీటర్ల పొడవున్న చిన్న గాజు పెట్టె అతికిస్తారు. తొట్టె నీళ్లు ఆ పెట్టె అంచు మీంచి పలచగా జారి లోపలికి పడతాయి. గంటకు 3000 లీటర్లకు ఆ జారే నీటి మందం సెంటీమీటరు దాకా ఉంటుంది. అప్పుడు నిపుల్ ఎంత కారినా ఆ పెట్టె అంచుకు పైనున్న నీరు, పంపు పైకి తోడే నీరు మాత్రమే పోతాయి. తొట్టెలో ఉన్నది తొట్టెలోనే ఉంటుంది.

ఎన్ని రంధ్రాలు? మూడు. ఒకటే పైపు వేసి దాని మీద గాలి రంధ్రం పెట్టే పాత పద్ధతి ఒకటుంది. అది నడుస్తుంది గానీ గుడగుడమంటుంది, మీ పడకగదికి పనికిరాదు. పైగా ఒక్క నత్త అడ్డం పడితే వేరే దారి లేదు. రెండు పైపుల పద్ధతిని పెంపకందార్లు హెర్బీ అంటారు, మూడు పైపులదాన్ని బీన్ యానిమల్ అంటారు. మీకు ఈ మూడు పైపులదే వేయమంటాను. మొదటి పైపు నీళ్లతో నిండుగా, గాలి లేకుండా దిగుతుంది. దాని మీద ఒక గేట్ వాల్వు పెట్టి దాదాపు నీళ్లన్నీ అందులోంచే వెళ్లేలా కొంచెం కొంచెంగా సర్దాలి. గాలి లేదు కాబట్టి చప్పుడు లేదు. రెండో పైపులో వాల్వు ఉండదు. మొదటిది మింగగా మిగిలిన సన్నని ధార అందులోంచి గోడ వెంబడి జారుతుంది. మూడోది మామూలుగా పొడిగానే ఉంటుంది, నోరు అన్నిటికన్నా ఎత్తులో. మొదటిది మూసుకుపోతే నీటిమట్టం లేచి రెండోది నిండుగా లాగడం మొదలెడుతుంది, అదీ చాలకపోతే మూడోది అందుకుంటుంది. మూడో పైపులోంచి నీళ్లు సంపులోకి ధభీమని పడేలా వదిలెయ్యండి. ఆ చప్పుడు వినగానే ఏదో అడ్డం పడిందని మీకు తెలియాలి.

అంగుళం పైపు నిండుగా దిగితే 3000 లీటర్లు హాయిగా తీసుకుంటుంది. నేనైతే రెండో, మూడో పైపులను అంగుళంన్నర వేస్తాను, కొంచెం ఖర్చే తేడా. మొదటి రెండు పైపుల కింది కొసలు సంపు నీళ్లలో అంగుళం లోతు మాత్రమే మునగాలి. లోతుగా ముంచితే కరెంటు తిరిగొచ్చినప్పుడు పైపులోని గాలి బయటికి పోలేక చాలాసేపు గుటకలు వేస్తుంది.

రంధ్రం పెట్టించే ముందు ట్యాంక్ నిపుల్ కొని చేతిలో పెట్టుకోండి. అంగుళం నిపుల్ అని పేరుకే, ఒక్కో కంపెనీది ఒక్కో మందం. దాన్ని చూసి కొలిచాకే గాజుకు చిల్లు. రంధ్రం అంచుకూ గాజు అంచుకూ మధ్య కనీసం ఒక రంధ్రం వెడల్పంత దూరం వదలమనండి. వెనక గాజు టఫెండ్ (వేడిచేసి గట్టిపరచినది) కాదని కూడా అడిగి తెలుసుకోండి, దానికి చిల్లు పెట్టబోతే మొత్తం గాజు పొడిపొడి అవుతుంది. వాషరు నిపుల్ అంచు ఉన్న వైపునే వేయాలి, చేత్తో బిగించి ఇంకో పావు చుట్టు తిప్పితే చాలు. పానాతో బిగిస్తే గాజు చిట్లుతుంది.

ఇప్పుడు పైకి వెళ్లే పైపు. ముప్పావు అంగుళం ఎందుకు వద్దో ఒక్క లెక్క చెబుతాను, పెన్ను కాగితం తెచ్చుకోండి. పంపు నీళ్లను ఎత్తాల్సిన ఎత్తు సంపులో నీటిమట్టం నుంచి తొట్టెలో నీటిమట్టం దాకా. పంపు అడుగు నుంచి కాదు, నేల నుంచీ కాదు. స్టాండు 76 సెంటీమీటర్లు, తొట్టెలో నీళ్లు 57, అందులోంచి సంపు నీటిమట్టం 25, దాని కింద చెక్క ఇంకో 3 తీసేస్తే మీకు సుమారు 1.1 మీటరు వస్తుంది. ఇది ఎవరూ తగ్గించలేని ఎత్తు. దీనికి పైపు లోపలి రాపిడి తోడవుతుంది, దాన్ని కూడా ఎత్తు కిందే లెక్కగడతారు. రెండున్నర మీటర్ల పైపు, నాలుగు ఎల్బోలు, గంటకు 3000 లీటర్లు అనుకుంటే ముప్పావు అంగుళం పైపులో ఈ రాపిడి మీటరున్నర అవుతుంది. అంగుళం పైపులో అర మీటరుకు కాస్త పైన. అంగుళంపావు పైపులో 17, 18 సెంటీమీటర్లు. మీరే చూడండి, ముప్పావు పైపు వేస్తే అసలు ఎత్తు కన్నా రాపిడే ఎక్కువ. పంపు మొత్తం 2.6 మీటర్ల బరువు మోస్తుంది. అంగుళంపావు వేస్తే 1.3 మీటర్లతో సరి, అక్షరాలా సగం. పైపు వ్యాసం తగ్గేకొద్దీ రాపిడి దాదాపు ఐదో ఘాతంలో పెరుగుతుంది, అందుకే అర అంగుళం తేడాకు ఇంత మార్పు. సన్నపైపు వేసి పెద్ద పంపు కొనమనడంలో కిటుకు ఇదే. పైపులో మిగిలే వంద రూపాయలు నెలనెలా కరెంటు బిల్లులో కడతారు.

కాబట్టి పైకి అంగుళంపావు వేయించండి, చోటు లేకపోతే అంగుళం, అంతకన్నా సన్నంగా వద్దు. పంపు మూతి సన్నగా ఉన్నా దాని పక్కనే పెద్ద పైపుకు మార్చేయాలి. తొంభై డిగ్రీల ఎల్బో బదులు నలభై ఐదు డిగ్రీలవి రెండు వేస్తే ఇంకా మంచిది. ఈ పైపుకు గాజులో రంధ్రం వద్దు, అంచు మీంచి వంచి లోపలికి దింపితే సరిపోతుంది.

కొట్టుకెళ్లినప్పుడు ఒక మెలిక ఉంటుంది, జాగ్రత్త. అంగుళం పైపు అనగానే చాలాచోట్ల మీగడ రంగు సీపీవీసీ పైపు తీసిస్తారు, వేణ్నీళ్ల లైన్లకు వేసేది. దాని బయటి వ్యాసమే 28.6 మిల్లీమీటర్లు, గోడ మందం పోగా లోపల 23, 24 మిగులుతుంది. తెల్ల యూపీవీసీ షెడ్యూల్ 40 (గోడ మందాన్ని చెప్పే తరగతి) అంగుళం పైపు లోపల 26.6 ఉంటుంది. ఈ మూడు మిల్లీమీటర్లకే రాపిడి దాదాపు రెట్టింపు తేడా. పొలాలకు వేసే బూడిదరంగు పైపులు మిల్లీమీటర్ల లెక్కలో వస్తాయి. 32 మిల్లీమీటర్ల పైపు అంగుళం ఫిట్టింగులోకి దూరినట్టే ఉంటుంది గానీ, ఆ ఫిట్టింగు 33.4 మిల్లీమీటర్ల పైపు కోసం చేసింది. వదులుగా కూర్చుని నాలుగు నెలలకు కారుతుంది. అన్నీ తెల్ల యూపీవీసీ షెడ్యూల్ 40 కొనండి, పైపులూ ఫిట్టింగులూ ఒకే కంపెనీవి.

ప్లంబరుకు ముందే చెప్పాల్సింది ఇంకొకటుంది. మనవాళ్లు కుళాయి బిగించే చోట లోపల ఇత్తడి మరలున్న ఎల్బో వేస్తారు, అలవాటు కొద్దీ చెయ్యి దానిమీదికే పోతుంది. గేట్ వాల్వు అంటే ఇత్తడిదే తెస్తారు. ఇత్తడిలో రాగి ఉంటుంది. ఆస్కార్లకు దానివల్ల పెద్ద ముప్పు లేకపోవచ్చు గానీ, రెండేళ్ల తర్వాత ఉప్పునీళ్లు పోశాక ఆ రాగి కరిగి రొయ్యలను, పగడాలను చంపేస్తుంది. అప్పుడు అతికించిన పైపులన్నీ కోయాలి. ఇప్పుడే మొత్తం ప్లాస్టిక్‌వి వేయించండి.

మీ భయం దగ్గరికొస్తున్నాను. ఇది నాకు జరిగింది కాబట్టి కొంచెం ఎక్కువే చెబుతాను. నా మొదటి పెద్ద తొట్టె నాలుగడుగులది. నీళ్లు అట్టడుగు దాకా కలియాలని ఎవరో అంటే, పైకొచ్చే పైపు మూతిని నీటిమట్టానికి ఒక అడుగు కిందికి దించాను. వెనక్కి రాకుండా మధ్యలో నాన్ రిటర్న్ వాల్వు పెట్టాను, ఇక భయం లేదనుకున్నాను. ఏడు నెలలు బాగానే గడిచింది. ఒకరోజు తెల్లవారుజామున కరెంటు పోయింది. పంపు ఆగగానే అదే పైపులోంచి నీళ్లు వెనక్కి సంపులోకి లాగడం మొదలైంది. వాల్వు నాలుక మధ్య గోరంత నత్తగుల్ల ఇరుక్కుని ఉంది, వాల్వు మూసుకోలేదు. పైపు మూతికి గాలి తగిలేదాకా, అంటే ఒక అడుగు లోతు నీళ్లు మొత్తం దిగేదాకా అది ఆగలేదు. నూట అరవై లీటర్లకు పైన. సంపులో నలభై లీటర్లకు మించి చోటు లేదు. మేం లేచేసరికి కింది ఇంటి పెద్దావిడ తలుపు కొడుతున్నారు, ఆవిడ పూజగది పైకప్పు తడిసిపోయింది. ఆవిడ ఒక్క మాట అనలేదు. ఆ తడిసిన గోడ ఇవాళ్టికీ నా కళ్లముందు ఉంది.

మీ తొట్టె విషయంలో లెక్క ఇలా ఉంటుంది. పైన నీటి విస్తీర్ణం చదరపు మీటరుకు కొంచెం ఎక్కువ, ఒక్కో సెంటీమీటరుకు 11 లీటర్లు. పైపు మూతి పెట్టె అంచుకు 15 సెంటీమీటర్ల కింద ఉంటే కరెంటు పోయిన ప్రతిసారీ 165 లీటర్లు కిందికొస్తాయి, పెట్టె అంచు మీది సెంటీమీటరు ఇంకో 11. మీ సంపులో 25 సెంటీమీటర్ల నీళ్లుంటే పైన మిగిలేది 21, సెంటీమీటరుకు 5.6 లీటర్ల చొప్పున 117 లీటర్ల చోటు. తక్కినవన్నీ నేలపాలే. అదే మూతి ఆ అంచుకు 3 సెంటీమీటర్ల కింద ఉంటే 33, అంచు మీది 11, పెట్టెలోవి పైపులోవి కలిపి మొత్తం యాభై లీటర్ల దగ్గర ఆగుతుంది. సంపులో తొమ్మిది సెంటీమీటర్లు లేస్తుందంతే. కాబట్టి మూతి పైనే ఉంచండి, నీటిమట్టానికి ఒక సెంటీమీటరు కింద ఆ పైపుకు 5 మిల్లీమీటర్ల చిన్న రంధ్రం ఒకటి పెట్టండి. నీళ్లు అక్కడిదాకా దిగగానే గాలి లోపలికెళ్లి లాగడం ఆగిపోతుంది. ఆ రంధ్రానికి నాచు పడుతుంది, తొట్టె తుడిచినప్పుడల్లా పుల్లతో పొడవాలి. నాన్ రిటర్న్ వాల్వు నమ్మకండి. పెట్టుకుంటే పెట్టుకోండి, అది పనిచేయదన్నట్టే లెక్క వేసుకోండి.

దీనికి రెండో పక్క కూడా ఉంది. దిగే పైపులు మూడూ ఒకేసారి మూసుకుపోయాయే అనుకోండి, పంపు తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు పైకెళ్లగలిగేది సంపులో పంపు ఉన్న గదిలోని నీళ్లే. ఆ గది 30 సెంటీమీటర్ల పొడవు చేయిస్తే అందులో 35 లీటర్లు పడతాయి. తొట్టె పైన నీటిమట్టానికీ అంచుకూ మధ్య 4 సెంటీమీటర్లు వదిలితే 44 లీటర్లు ఆగుతాయి. అంటే అన్నీ చెడినా ఒక్క చుక్క బయటికి రాదు. సంపు గదుల కొలతలు తొట్టె కట్టే ఆయనకు వదలకుండా మీరే ఇవ్వండి. చిన్న గది కాబట్టి నీళ్లు ఆవిరయ్యేకొద్దీ త్వరగా తగ్గుతుంది, ఎండాకాలంలో రోజూ చూసి పోయాలి. ఫ్లోట్ వాల్వుతో డాబా ట్యాంకు లైను దానికి కలుపుతామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఆ వాల్వు ఇరుక్కుపోతే పైన ట్యాంకంతా మీ హాల్లోకొస్తుంది. బకెట్టుతో పోయండి.

ఇంత తేలాక పంపు సులువు. మీకు కావలసింది 1.3 మీటర్ల ఎత్తు దగ్గర గంటకు 3000 లీటర్లు ఇచ్చే పంపు. పెట్టె మీద రెండు అంకెలుంటాయి. గంటకు ఇన్ని లీటర్లు అన్నది అసలు ఎత్తకుండా ఉన్నప్పటి మాట. ఇన్ని మీటర్లు అన్నది చుక్క నీరు రాని ఎత్తు. ఆ రెండూ ఒకేసారి ఎప్పుడూ రావు. 3 మీటర్లు, 5000 లీటర్లు అని రాసి ఉంటే 1.3 మీటర్ల దగ్గర 3000 చుట్టుపక్కల వస్తుందని ఆశించవచ్చు, కానీ ఊహించకుండా కంపెనీ ఇచ్చే గ్రాఫు అడగండి. కింద లీటర్లు, పక్కన మీటర్లు ఉండే గీత అది. గ్రాఫు ఇవ్వలేని పంపు కొనొద్దు. జర్మనీ ఎహైమ్, ఇటలీ సిచె పంపులకు ఏళ్ల తరబడి నడుస్తాయన్న పేరుంది, చైనా జెబావో డీసీ పంపులు చవకలో దొరుకుతాయి. నేను బ్రాండు కన్నా గ్రాఫునే నమ్ముతాను.

మీకు డీసీ పంపు తీసుకోమంటాను. 24 వోల్టుల అడాప్టరు మీద నడుస్తుంది, వేగం తగ్గించుకోవచ్చు, చప్పుడు తక్కువ. ఈ పనికి 40 వాట్ల దగ్గర సరిపోతుంది. రోజుకు ఒక యూనిట్టు, నెలకు 29. తొట్టె కట్టే ఆయన చెప్పిన సైజు ఏసీ పంపు 120 వాట్లు లాగిందనుకుంటే నెలకు 86 యూనిట్లు. యూనిట్టు 8 రూపాయలు వేసుకున్నా తేడా నెలకు 450 పైచిలుకు. ఇంకొకటి, నీళ్లలో మునిగి ఉండే పంపు తాగిన కరెంటంతా చివరికి వేడిగా ఆ నీళ్లలోకే చేరుతుంది. కాకినాడ మే నెలలో మీ తొట్టెకు 120 వాట్ల హీటరు పెట్టాలని ఎవరూ అనుకోరు కదా.

మీ మరిది గారి మాట. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మనది 230, 50. అక్కడి ఏసీ పంపును నేరుగా మన ప్లగ్గులో పెడితే కాలిపోతుంది. ట్రాన్స్‌ఫార్మరు పెట్టి వోల్టేజి తగ్గించినా హెర్ట్జ్ మారదు, మోటారు ఆరింట ఐదొంతుల వేగంతోనే తిరుగుతుంది, ఎత్తగలిగే శక్తి డెబ్భై శాతానికి పడిపోతుంది. డీసీ పంపయితే, అడాప్టరు మీద 100–240 వోల్టులు అని ఉంటే తెమ్మనండి. అక్కడ గ్యాలన్లలో రాస్తారు, ఒక అమెరికా గ్యాలను 3.8 లీటర్లు. ఒక్క ఇబ్బంది, అది చెడితే విడిభాగం కోసం మళ్లీ సంక్రాంతి దాకా ఆగాలి. ఇక్కడ దొరికే పంపు కొనుక్కుని, ఆయన్ని వేరే ఏదైనా తెమ్మంటే మీకే మేలు.

ఇన్వర్టరు ఉందన్నారు. అది ప్యూర్ సైన్ వేవ్ (మెయిన్ లైను కరెంటులాంటి నున్నని అల ఇచ్చేది) కాకపోతే ఏసీ పంపు దానిమీద రొద చేస్తుంది, వేడెక్కుతుంది. డీసీ పంపుకు సాధారణంగా ఆ పేచీ ఉండదు. 150 ఏహెచ్ బ్యాటరీని సగం వాడుకుని నష్టాలు తీసేసినా 700 వాట్ అవర్లు వస్తాయి, 40 వాట్ల పంపు ఒక్కటే నడిస్తే పదిహేడు గంటలు. ఫ్యాన్లు కూడా తిరుగుతాయి కాబట్టి సగం అనుకోండి. అయినా మీది తుపానుల తీరం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు చాలా ఇళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఒకటి, దానికి అదనపు బ్యాటరీలు బీరువాలో ఉంచండి. పంపు లేకపోతే చేపలు కొన్నాళ్లు ఓర్చుకుంటాయి, గాలి అందకపోతే కొన్ని గంటలే.

రెండు పంపులు పెట్టాలా అని కొందరు అడుగుతారు. ఒకే పైపుకు రెండూ కలపొద్దు, ఒకటి ఆగితే రెండోదాని నీళ్లు దానిలోంచే సంపులోకి వెనక్కి వెళ్లిపోతాయి. వేరువేరు పైపులైతే బాగుంటుంది గానీ మీకు అంత అక్కర్లేదు. ఒకటి నడవనివ్వండి, అదే కొలత మూతి ఉన్న చవక పంపు ఒకటి పక్కన ఉంచండి.

బిగించేటప్పుడు పంపుకూ గట్టి పైపుకూ మధ్య జానెడు మెత్తని సిలికాన్ గొట్టం పెట్టండి, కింద స్పాంజి ముక్క. అదురు స్టాండుకు ఎక్కదు. పంపు పైన యూనియన్ (మర తిప్పి పైపును విడదీసే జోడింపు) వేస్తే కడగడానికి తీయడం రెండు నిమిషాల పని. నీళ్లు తగ్గించాలంటే బయటికెళ్లే వైపు వాల్వే తిప్పండి, పంపు పీల్చే వైపు ఎన్నడూ మూయకండి. అన్నీ అతికించకుండా ముందు ఉత్తినే బిగించి, పెన్సిలు గీతలు పెట్టుకుని, అప్పుడు సొల్యూషన్ రాసి పావు చుట్టు తిప్పి అర నిమిషం పట్టుకోవాలి. ఒక రోజంతా ఆరనిచ్చి, మొదటి నీళ్లు పారబోయండి. మీరు వాడేది బోరు నీళ్లయితే పంపు చక్రానికి తెల్లగా పొర కడుతుంది. మూడు నెలలకోసారి విప్పి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లలో గంటసేపు నానబెట్టండి.

కరెంటు విషయంలో రాజీ పడొద్దు. ఆ ప్లగ్గుకు 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి), సరైన ఎర్తు ఉండాలి. మీ అబ్బాయి చేతులు రోజూ ఆ నీళ్లలో ఉంటాయి. వైర్లు ప్లగ్గు కన్నా కిందికి వేలాడి మళ్లీ పైకెక్కేలా వదలండి, జారిన నీటిచుక్క ప్లగ్గులోకి కాక నేల మీద పడుతుంది. డీసీ పంపు కంట్రోలరును స్టాండు లోపలి చెమ్మలో పెట్టకండి.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. నీళ్లు, గాజు, స్టాండు, సంపు అన్నీ కలిపి మీ హాల్లో ఆ మూల టన్ను బరువు ఉంటుంది. ఇళ్ల శ్లాబును సాధారణంగా చదరపు మీటరుకు 200 కిలోల అదనపు బరువుకు లెక్కగడతారు. గోడ వారగా అన్నారు, మంచిదే. ఆ గోడ కింద దూలం ఉందో లేదో మీ అపార్ట్‌మెంట్ కట్టిన ఇంజనీరుతో చూపించుకున్నాకే తొట్టెకు అడ్వాన్సు పోను మిగతా డబ్బు ఇవ్వండి.

అంతా బిగించాక చేపలు వేయకముందు ఒక పని చేయండి. నీళ్లు తిరుగుతుండగా ప్లగ్గు పీకి, పైనుంచి దిగడం పూర్తిగా ఆగేదాకా నిలబడి చూడండి. అప్పుడు సంపులో నీళ్లు ఎక్కడిదాకా లేచాయో చూసి, పంపు మళ్లీ వేసి, నడుస్తున్నప్పటి మట్టం దగ్గర గాజు మీద మార్కరుతో గీత గీయండి. ఆ గీత దాటి ఎవరూ నీళ్లు పోయకూడదని ఇంట్లో అందరికీ చెప్పండి. తర్వాత మొదటి పైపు నోటిని గుడ్డతో మూసి, మిగతా రెండూ అందుకుంటున్నాయో లేదో చూడండి. ఈ రెండూ రాత్రిపూట కాక పగలు, మీవారు ఇంట్లో ఉన్న రోజున చేయండి.

రంధ్రాలు పెట్టించే ముందు ట్యాంక్ నిపుల్ వ్యాసం, వెనక గాజు మందం, స్టాండు వెనక గోడకూ గాజుకూ మధ్య ఎంత చోటుందో కొలిచి నాకు రాయండి. అంగుళంన్నర ఎల్బోలు అక్కడ పట్టకపోతే రంధ్రాల చోటు కొంచెం జరపాల్సి వస్తుంది.